టీవీయా, ఫోనా, వీడియో కాలా: ఐదేళ్లలోపు పిల్లలకు ఏది మేలు?

"ఫోనైతే కళ్లు పాడవుతాయని టీవీ పెడుతున్నాం, పర్లేదా?" శ్రీకాకుళం, విజయనగరం వైపు తల్లులు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. గంటల లెక్క చాలామందికి తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినా, మన పిల్లల డాక్టర్ల సంఘం చెప్పినా దాదాపు ఒకటే: రెండేళ్లలోపు వద్దు, ఆపైన ఐదేళ్ల వరకు రోజుకు గంట దాటొద్దు. అయితే ఆ గంటలో పిల్ల ఏదో అంటే బదులు పలికే మనిషి పక్కన ఉన్నారా లేదా అన్నదే అసలు సంగతి. తెర చిన్నదా పెద్దదా అన్నది ఆ తర్వాతే.

2003లో అమెరికాలో 9 నెలల పసివాళ్లకు చైనా భాష వినిపించి చూశారు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించిన పిల్లలు ఆ భాషలోని శబ్దాల తేడా పట్టేశారు. అవే మాటలు టీవీలో విన్న పిల్లలకు ఏమీ ఒంటబట్టలేదు. టీవీ పిల్ల ముఖం చూసి ఆగదు, మళ్లీ చెప్పదు.

అంటే తెర పక్కన మనిషి మాట కలపాలి. ఆ లెక్కన ఫోన్ కంటే టీవీయే నయం. ఫోన్ ఒక్కరి వస్తువు. అడుగు దూరం కూడా లేకుండా కళ్ల దగ్గర పెట్టుకుని, వేలితో తోసుకుంటూ పోతారు. ఏం చూస్తున్నారో పక్కవాళ్లకు కనబడదు, కనబడనిదాని మీద మాట కలపలేం. టీవీ దూరంగా ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది, రిమోట్ పెద్దల చేతిలో ఉంటుంది. యూట్యూబ్ పెడితే ఆటోప్లే ఆపేయండి, ఒక వీడియో అయ్యాక తెర దానంతటదే ఆగాలి.

చూపించే పద్ధతి ఒకటుంది. తెర మీద ఆవు కనబడగానే మామ్మ వీడియో ఆపి, "ఆవు ఏటి సేస్తందే?" అని అడగాలి. అడిగి, లోపల ఐదు అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు ఆగాలి. చాలామంది ఇక్కడే తొందరపడి జవాబు తామే చెప్పేస్తారు. పిల్ల "మేత" అంటే "అవును, పచ్చి మేత తింటంది" అని ఒక మాట చేర్చండి. తర్వాత పెరట్లో ఉన్న ఆవు దగ్గరికి తీసుకెళ్తే ఆ మాట నిలుస్తుంది.

టీవీలోనూ ఒక చిక్కుంది. పిల్ల కింద ఆడుకుంటుంటుంది, పైన సీరియల్ మోగుతుంటుంది. అది స్క్రీన్ టైమ్ కిందకు రాదనుకుంటారు. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో పిల్లలకు రికార్డర్లు తొడిగి చూస్తే, టీవీ మోగిన ప్రతి గంటకూ వాళ్ల చెవిన పడే పెద్దల మాటలు సుమారు 770 తగ్గాయి. ఎవరూ చూడకపోతే కట్టేయడమే.

రెండేళ్లలోపు పిల్లలకూ మినహాయింపు దొరికేది వీడియో కాల్ ఒక్కదానికే. తీర గ్రామాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల బోట్ల మీదకు వెళ్లిన నాన్నలకు ఇది పెద్ద ఆసరా. అవతలి మనిషి బదులిస్తాడు కదా! ఫోన్ పిల్ల చేతికివ్వకుండా పీట మీద ఆనించి పెట్టండి, ఐదు పది నిమిషాలు చాలు. "అన్నం తిన్నావా" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టకుండా నాన్న వలో, చేపో చూపించి పేరు చెప్పాలి. ఇక్కడ అమ్మ అదే పేరు మళ్లీ అనాలి.

ట్యాబ్ అంటే పెద్ద ఫోనే. తెర లేకుండా పాటలు వినిపించడం మంచిదే, కానీ అదీ రోజంతా మోగకూడదు.

అన్నిటికంటే చెడ్డది అన్నం దగ్గర ఫోన్. చూపు తెర మీద ఉంటే ముద్ద బుగ్గనే ఉండిపోతుంది, కడుపు నిండిందీ తెలియదు. మానిపిస్తే మొదటి కొన్ని రోజులు ఏడుపు పెరుగుతుంది. మధ్యలో ఒక్కసారి ఇచ్చారా, ఎంతసేపు ఏడిస్తే దొరుకుతుందో పిల్లకు తెలిసిపోతుంది. అందుకని ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. ముద్దలు పిల్ల చేతికే ఇచ్చి, అరగంటలో కంచం తీసేయండి.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు "అమ్మా దా" లాంటి రెండు మాటలు కలపకపోయినా, నెపం ఫోన్ మీద పెట్టి ఊరుకోవద్దు. ముందు చెవి పరీక్ష చేయించాలి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లకు చూపించినా, వాళ్లు రాసి పంపుతారు.