మోటార్‌హోమ్‌కు లెవెలింగ్ ర్యాంపులు: కొన్నేళ్ల వాడకం తర్వాత

వాలు నేల మీద బండిని సమంగా నిలపడానికి చక్రాల కింద పెట్టే ఈ పసుపు రంగు ప్లాస్టిక్ ర్యాంపుల జత కొనదగినదే. మా మోటార్‌హోమ్‌లో, అంటే లోపలే పడక, వంటగది ఉన్న బండిలో, ఇన్నేళ్లుగా ఉండి, దాదాపు ప్రతి క్యాంప్‌సైట్‌లోనూ అన్నిటికంటే ముందు బయటికి వచ్చే సామాను ఇదే. అయితే ఇవి చేయగల పనికి ఒక హద్దుంది, ఆ సంగతి పెట్టె మీద రాసి ఉండదు. అది తెలిసినవాళ్లు పావుగంటలో బండిని నిలిపేసి కుర్చీలు వేసుకుంటారు. తెలియనివాళ్లు చీకటి పడేదాకా బండిని ముందుకూ వెనక్కూ నడుపుతూనే ఉంటారు.

మావి మూడు మెట్ల ర్యాంపులు. పై మెట్టు నేల నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మా బండి మొత్తం బరువు 3,500 కిలోల లోపే. కొనేముందు మోయగల బరువు జతకు చెప్పారా, ఒక్కో ర్యాంపుకు చెప్పారా అన్నది తప్పకుండా చూడండి. రెండింటికీ చాలా తేడా ఉంది.

బండి కాస్త ఒరిగి ఉంటే ఏం పోతుందని అడిగేవాళ్లు ఉన్నారు. తల కిందికి, కాళ్లు పైకి పెట్టి ఒక రాత్రి పడుకుంటే సగం జవాబు దొరుకుతుంది. స్నానం చేసిన నీళ్లు తూము వైపు పోకుండా మూలలో నిలిచిపోవడం మరో పావు. మిగిలింది ఫ్రిజ్. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్‌లో మోటారు ఉండదు. వేడికి నీళ్లలోంచి విడివడిన అమోనియా ఆవిరి మళ్లీ ద్రవమై, తన బరువుతో తానే కిందికి పారుతూ తిరుగుతుంది. 1922లో స్వీడన్‌లో ఇద్దరు విద్యార్థులు, ఫాన్ ప్లాటెన్, మున్టర్స్, కనిపెట్టిన పద్ధతి ఇది. నేటికీ మూలసూత్రం మారలేదు. బండి ఒరిగి నిలిస్తే ఆ పారుదల మధ్యలో ఆగిపోతుంది. చల్లదనం తగ్గుతుంది, అలాగే రోజుల తరబడి నడిపితే లోపలి గొట్టాలు పాడవుతాయి. వాలు 3 డిగ్రీలు దాటకూడదని చాలా ఫ్రిజ్‌ల సూచనల పుస్తకాల్లో ఉంటుంది. రోడ్డు మీద ఈ బాధ లేదు, కుదుపులకు ద్రవం ఒకచోట నిలవదు. ఇంట్లోలా మోటారుతో నడిచే కంప్రెసర్ ఫ్రిజ్ ఉన్నవాళ్లకు ఈ చింత చాలావరకు తక్కువ.

ఇక హద్దు సంగతి. మా బండి ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం దాదాపు 1.8 మీటర్లు. ఒక పక్కను 10 సెంటీమీటర్లు లేపితే 3 డిగ్రీలకు కాస్త పైగా వాలు సరిపోతుంది. ముందు, వెనుక చక్రాల మధ్య దూరమేమో 4 మీటర్లు. అదే ర్యాంపు, అదే పై మెట్టు, సరిచేసేది మాత్రం ఒకటిన్నర డిగ్రీ కూడా కాదు. కాబట్టి నేల వాలు బండికి అడ్డంగా వచ్చేలా నిలిపితే ర్యాంపులు రెట్టింపుకు పైగా పనిచేస్తాయి. పల్లం వైపున్న ముందు చక్రానికి ఒకటి, వెనుక చక్రానికి ఒకటి, జత సరిపోతుంది. చాలామంది ఇచ్చిన చోటులోకి ఎలా వచ్చారో అలాగే నిలిపేసి, తర్వాత ర్యాంపులను తిట్టుకుంటారు. అక్కడ తప్పు ర్యాంపుది కాదు.

అందుకే మేం చేరగానే ఇంజన్ ఆపి, దిగి, ఆ చోటంతా నడిచి చూస్తాం. పల్లం ఎటు, బండికి కరెంటు తీసుకునే ప్లగ్గు స్తంభం ఎంత దూరం, పైన కొమ్మలు ఎంత కిందికి ఉన్నాయి, తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఇవన్నీ నడకలోనే తేలిపోతాయి. బండిని ఆ చోటులోకి తెచ్చాక బండి లోపలి నేల మీద రసమట్టం పెట్టి, రెండు దిక్కులా చూసి, ఏ చక్రం ఎన్నో మెట్టెక్కాలో ముందే అనుకుంటాం. ఆ తర్వాతే ర్యాంపులు కింద పెడతాం. ఎక్కించేటప్పుడు బయట ఒకరు నిలబడి చెయ్యి చూపించాల్సిందే. మెట్టు మధ్యకు చక్రం వచ్చిందో లేదో డ్రైవరుకు కనిపించదు. టైరు అంచు మెట్టు దాటి గాల్లో వేలాడకూడదు. ఒక రాత్రంతా బరువు అంచు మీద పడితే టైరు లోపలి అల్లిక దెబ్బతింటుంది. వెనుక జంట టైర్లున్న బండ్లకు రెండు టైర్లకూ కింద ఆధారం ఉండాలి, అలాంటివాళ్లకు ఈ వెడల్పు చాలదు.

ఒక్క చక్రాన్ని మాత్రమే పై మెట్టుకు ఎక్కించి వదిలేస్తే బండి చట్రం కొద్దిగా మెలితిరుగుతుంది. మా బండిలో అది ముందు తెలిసేది తలుపు దగ్గరే, గడియ బిగుసుకుంటుంది. అలాంటప్పుడు ఒక మెట్టు తగ్గించి, మిగిలిన కాస్త వాలును భరించడమే మేలు.

లోపాలు ఉన్నాయి. తడిసిన మెత్తటి నేలలో బరువుకు ర్యాంపు దిగబడి, రాత్రి సరిచేసిన మట్టం తెల్లారేసరికి మారిపోతుంది. కింద వెడల్పాటి చెక్క పలక వేస్తే చాలావరకు ఆగుతుంది. గట్టి కంకర మీద తంటా వేరు. ఇంజన్ బలం ముందు చక్రాలకు అందే బండి కావడంతో, చక్రం ఎక్కే బదులు ర్యాంపునే వెనక్కి తన్నేస్తుంది. రబ్బరు చాపను ర్యాంపు కిందికి దోపి, ముందున్న కొంత భాగాన్ని చక్రం కిందికి వచ్చేలా పరిస్తే జారదు. ర్యాంపుల అడుగున ఉన్న పళ్లు ఒంటరిగా ఈ పని చేయలేవు. చక్రం దొర్లకుండా పెట్టడానికి వాటితో ఇచ్చిన అడ్డు దిమ్మలు నాకు నచ్చలేదు, మరీ తేలిక. వేరే గట్టివి కొని వాడుతున్నాం. సంచీ కుట్లు తొలి ఏడాదే విడిపోయాయి. ఎండకు పసుపు రంగు వెలిసింది, ఒక ర్యాంపు అంచున తెల్లటి చార కనిపిస్తోంది. ప్లాస్టిక్ పగలబోయే ముందు అలాగే తెల్లబడుతుంది కాబట్టి ప్రతిసారీ ఆ చోటును వేలితో తడిమి చూస్తున్నాను. ఇంతవరకు చీలిక రాలేదు.

కారవాన్, అంటే కారు వెనుక తగిలించి లాగే ఇల్లులాంటి బండి, ఉన్నవాళ్లకు క్రమం వేరు. కారుకు తగిలించి ఉండగానే ఒక పక్క చక్రాన్ని ర్యాంపు ఎక్కించి అడ్డంగా సమం చేయాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, దిమ్మలు పెట్టి, అప్పుడు కారు విప్పాలి. ముందూ వెనుకల వాలును ముందున్న చిన్న చక్రమే చూసుకుంటుంది. మూలల్లోని ఊతకాళ్లు దించడం ఆఖరున. అవి ఊగకుండా పట్టుకోవడానికే గానీ బండిని ఎత్తడానికి కాదు. వాటితో కారవాన్‌ను లేపుతున్నవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కారవాన్‌కైతే మెట్ల కంటే వంపు తిరిగిన ర్యాంపులే మంచివి, కావలసిన ఎత్తులో సరిగ్గా ఆపుకోవచ్చు.

బండి కుదురుకున్నాకే కరెంటు తీగ. ముందు బండి వైపు తగిలించి, తర్వాత స్తంభానికి. చుట్ట మొత్తం విప్పి పరచాలి, చుట్టి ఉంచి వాడితే వేడెక్కుతుంది.

మీట నొక్కితే బండి దానంతటదే సమమయ్యే హైడ్రాలిక్ కాళ్ల గురించి కూడా ఆలోచించాం. వాడేవాళ్ల దగ్గర చూశాను, గొప్ప సౌకర్యం, సందేహం లేదు. కానీ అవి పదుల కిలోల బరువు, ఆ మేరకు మనం మోయగల సామాను తగ్గుతుంది. అనుమతించిన 3,500 కిలోల మొత్తం బరువుకు దగ్గరగా ఉన్న బండిలో దాన్ని నీళ్ల ట్యాంకులోంచి తగ్గించుకోవాలి. మేం నీళ్లే ఉంచుకున్నాం.