బ్యాలెన్స్‌డ్ హెడ్‌ఫోన్ యాంప్: మూడేళ్లు వాడాక

నాలుగు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ (బ్యాలెన్స్‌డ్: ఒక్కో చెవికి విడిగా రెండు వైర్లు), మామూలు 6.35 ఎంఎం జాక్ (సింగిల్ ఎండెడ్: రెండు చెవులకూ ఉమ్మడి గ్రౌండ్) రెండూ ఉన్న డెస్క్‌టాప్ యాంప్ ఇది. మూడేళ్లుగా సెన్‌హైజర్ హెచ్‌డీ 650తో వాడుతున్నాను. ఈ హెడ్‌ఫోన్‌కి సింగిల్ ఎండెడ్ చాలు.

హెచ్‌డీ 650 ఇంపెడెన్స్ (ఏసీ కరెంటుకు అడ్డు) 300 ఓమ్‌లు, 1 వోల్టుకు 103 డీబీ ఇస్తుంది. పాటలో పీక్‌లకు 115 డీబీ కావాలన్నా 4 వోల్టులు, అంటే 53 మిల్లీవాట్లు సరిపోతాయి. 50 ఓమ్‌లు, 1 మిల్లీవాట్‌కు 83.5 డీబీ సెన్సిటివిటీ ఉన్న హైఫైమాన్ హెచ్ఈ-6కి మాత్రం 110 డీబీకే దాదాపు 450 మిల్లీవాట్లు కావాలి. బ్యాలెన్స్‌డ్‌కి పెట్టిన డబ్బు అలాంటి ప్లానార్‌ల (పల్చటి సమతల పొర కదిలి సౌండిచ్చే హెడ్‌ఫోన్‌ల) దగ్గరే గిట్టుబాటవుతుంది.

ఎక్స్ఎల్ఆర్‌లో పెట్టగానే సౌండు విచ్చుకున్నట్టు అనిపించడానికి ముఖ్య కారణం వాల్యూమే. ఒక్కో ఛానల్‌కి ఎదురెదురు ఫేజ్‌లో రెండు యాంప్‌లు పనిచేస్తాయి కాబట్టి వోల్టేజ్ రెట్టింపై 6 డీబీ పెరుగుతుంది. పోల్చే ముందు 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, మల్టీమీటర్‌ని ఏసీలో ఉంచి, రెండు జాక్‌లనూ 500 మిల్లీవోల్టులకు తేవాలి. 6 మిల్లీవోల్టుల తేడా అంటే 0.1 డీబీ, అంతకు మించనివ్వద్దు. ఎక్స్ఎల్ఆర్‌లో 1, 2 పిన్నుల మధ్యే కొలవాలి. నల్ల ప్రోబ్‌ను యాంప్ బాడీకి ఆనిస్తే సగం వోల్టేజే చూపిస్తుంది, పోలికంతా తప్పుతుంది. సరిగ్గా సర్దాక హెచ్‌డీ 650లో తేడా నాకు దొరకలేదు.

ఇయర్‌ఫోన్‌లకైతే బ్యాలెన్స్‌డ్ ఒక్కోసారి నష్టమే. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ రెట్టింపవుతుంది, నాయిస్ 3 డీబీ పెరుగుతుంది. సెన్సిటివ్ ఇయర్‌ఫోన్‌లో ఆ 'స్‌స్‌' పాట ఆగగానే బయటపడుతుంది. 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కి ఉమ్మడి గ్రౌండ్ వైరులో 0.2 ఓమ్ ఉంటే క్రాస్‌టాక్ (ఒక చెవి సౌండు రెండో చెవిలోకి లీకవడం) మైనస్ 44 డీబీ దాకా వస్తుంది, నిజమే. కానీ ప్లగ్ దాకా నాలుగు వైర్లున్న కేబుల్ వేస్తే అందులో చాలామటుకు పోతుంది.

పీసీ ఎర్త్ వల్ల వచ్చే గుయ్‌మనే హమ్‌ను బ్యాలెన్స్‌డ్ జాక్ ఆపలేదు, అది ఇన్‌పుట్‌లోనే దూరుతుంది. పీసీ, యాంప్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి.

కోఠి గుజరాతీ గల్లీలో కనెక్టర్ కొని కేబుల్ మీరే చేసుకుంటే ఎక్స్ఎల్ఆర్ పిన్నుల వరుస ఇది: 1 ఎడమ ప్లస్, 2 ఎడమ మైనస్, 3 కుడి ప్లస్, 4 కుడి మైనస్. సన్నటి వైర్ల మీద ఎనామిల్ పూత ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్ వేడికి అది కాలిపోయేదాకా టంకం అంటుకోదు. హెడ్‌ఫోన్ తగిలించి కొలిస్తే 1-2 మధ్య, 3-4 మధ్య 300 ఓమ్‌ల దరిదాపుల్లో రావాలి. మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టినప్పుడు 2-4 మధ్య బీప్ వస్తే, అంటే అవి కలిసిపోయి ఉంటే, యాంప్‌కి పెట్టకండి. ఎక్స్ఎల్ఆర్ నుంచి 6.35కి దిగే అడాప్టర్ కూడా ఆ రెండింటినే కలిపేస్తుంది, యాంప్ అవుట్‌పుట్ స్టేజ్ (హెడ్‌ఫోన్‌కి పవర్ ఇచ్చే చివరి భాగం) కాలిపోవచ్చు.