గోడ దీపాలు: ఆరేళ్ళ వాడకం తర్వాత ఏ గదిలో ఏది నిలబడింది

కాకినాడలో సముద్రానికి దగ్గరగా ఉన్న డాబా ఇల్లు. 2019లో వైరింగు మార్చినప్పుడే 21 గోడ దీపాలు బిగించాం. హాల్లో 4, రెండు పడగ్గదుల్లో 4, అద్దాల దగ్గర 3, పూజగదిలో 1, మెట్లకు 5, బాల్కనీకి 2, గేటుకు 2. వంటగట్టు మీద వెలిగే ఎల్ఈడీ పట్టీ వీటికి అదనం. వీటిలో కొన్ని మళ్ళీ కొనమంటే కళ్ళు మూసుకుని కొంటాం, కొన్నిటి జోలికి పోము.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది రంగూ కాదు, డిజైనూ కాదు. లోపల హోల్డరు ఉందా లేదా అని చూడండి. మా 21లో బల్బు మార్చుకునే హోల్డరు రకం 9, లోపలే ఎల్ఈడీ పలక బిగించి వచ్చే రకం 12. ఆరేళ్ళలో హోల్డరు రకంలో 5 బల్బులు మార్చాం, దీపం మాత్రం ఒక్కటీ పోలేదు. రెండో రకంలో 5 ఆగిపోయాయి. నిజానికి పోయేది ఎల్ఈడీ కాదు, దానికి కరెంటు అందించే డ్రైవరు. అందులోని కెపాసిటర్లు అనే చిన్న భాగాలు వేడికి ఎండిపోతాయి. డ్రైవరు విడి పెట్టెలా ఉంటే మార్చుకోవచ్చు. పాత డ్రైవరు మీద 300 ఎంఏ (మిల్లీ ఆంపియర్లు), 18–25 వోల్టులు లాంటి అంకెలు ఉంటాయి, అవే అంకెలున్నది తెచ్చి వేస్తే దీపం మళ్ళీ వెలుగుతుంది. మేం రెంటిని అలాగే బతికించాం. మిగతా మూడింటిలో డ్రైవరు భాగాలు ఎల్ఈడీ పలక మీదే అతికి ఉన్నాయి. వాటికి విడి భాగం దొరకదు, మొత్తం పారేయాల్సిందే. జంటలో ఒకటి పోతే రెండోదాన్నీ తీసేయాల్సి వస్తుంది, ఎందుకంటే మూడేళ్ళ తర్వాత అదే మోడల్ కొట్లో ఉండదు.

హోల్డరులోనూ రకాలున్నాయి. మామూలు పిన్ను హోల్డరు బీ22, పెద్ద స్క్రూ హోల్డరు ఈ27. ఈ రెంటికీ బల్బు వీధి చివరి కొట్లో కూడా దొరుకుతుంది. అందంగా సన్నగా కనిపించే దీపాల్లో చిన్న స్క్రూ హోల్డరు ఈ14 పెడతారు, దాని బల్బు కోసం పెద్ద ఎలక్ట్రికల్ షాపుకి వెళ్ళాలి.

ఇంకో మాట, మూసి ఉన్న గాజు గోళం లోపల 9 వాట్ల బల్బు పెట్టకండి. బల్బు తలకిందులుగా వేలాడితే వేడంతా పైకెక్కి, డ్రైవరు ఉండే మెడ దగ్గర చేరుతుంది. మేం మార్చిన 5 బల్బుల్లో 4 అలా పోయినవే. ఇప్పుడు మూసిన గోళాల్లో 5 వాట్లు దాటనివ్వడం లేదు. అవి పోవడం ఆగింది. పైన తెరిచి ఉన్న గిన్నె రకాలకు 7 వాట్లు సరిపోతాయి.

హాలు సంగతికొస్తే, మన ఇళ్ళలో సీలింగ్ ఫ్యాను ఉంటుందన్న విషయం కేటలాగు ఫోటోల్లో కనిపించదు. వెలుగు పైకి కొట్టే దీపాన్ని ఫ్యానుకు దగ్గర గోడ మీద పెడితే, తిరిగే రెక్కల నీడలు సీలింగు మీద పరుగులు పెడతాయి. పది నిమిషాలు కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి. రెక్క చివర నుంచి కనీసం 4 అడుగుల దూరమైనా ఉండాలి. అంత చోటు లేకపోతే కిందికి మాత్రమే వెలుగు పడే దీపం, లేదా పాల గాజు దీపం తీసుకోండి. మా రెండు పాల గాజు దీపాలు నేల నుంచి 5 అడుగుల 9 అంగుళాల ఎత్తులో ఉన్నాయి. నిలబడ్డవాళ్ళ కంటికీ, సోఫాలో కూర్చున్నవాళ్ళ కంటికీ బల్బు నేరుగా గుచ్చుకోని ఎత్తు అది. పాతకాలంలో లాగా 7 అడుగుల మీద పెడితే వెలుగంతా సీలింగుకే పోతుంది.

పైకీ కిందికీ వెలుగు చిమ్మే దీపాల గురించి కచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోజుపడేది వాటి మీదే. వెలుగు గోడను రాసుకుంటూ వెళ్తుంది కాబట్టి, ఆ గోడ మీద ఉన్న ప్రతి ఎత్తూ పల్లమూ నీడతో బయటపడుతుంది. పగలు నున్నగా కనిపించిన లప్పం రాత్రికి అలలు అలలుగా కనిపిస్తుంది. రాతి పలకలు అతికించిన గోడకు ఈ దీపం అద్భుతంగా నప్పుతుంది, లప్పం గోడకు నప్పదు. ఏ దీపమైనా కొనే ముందు రాత్రిపూట ఒక టార్చిలైటును గోడకు ఆనించి కిందికి వేసి చూడండి, మీ గోడ ఎంత సాపుగా ఉందో అప్పుడు తెలుస్తుంది. ఇక టీవీకి ఎదురుగోడ మీద ఏ దీపమూ వద్దు, దాని ప్రతిబింబం తెర మీద కూర్చుంటుంది. టీవీ ఉన్న గోడ మీదో పక్కగోడ మీదో పెట్టుకోండి.

వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ తెలుపు. హాలుకు 3000 కెల్విన్. ట్యూబులైటు తెల్లదనం 6500 కెల్విన్. ఈ రెంటినీ ఒకేసారి వెలిగిస్తే గోడ దీపం వెలుగు పసుపు మరకలా కనిపిస్తుంది. రెండు వేర్వేరు స్విచ్చుల మీద ఉంచి, ఒకసారి ఒకటే వేసుకోవడం మేలు. గోడ దీపం ట్యూబులైటు పని చేస్తుందని మాత్రం అనుకోకండి. 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు సుమారు 2000 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది, 5 వాట్ల బల్బు ఇచ్చేది 500 లోపే. పిల్లల హోంవర్కుకు ట్యూబు ఉండాల్సిందే.

పడగ్గదిలో దీపం ఎత్తు నేల నుంచి కొలవకూడదు, పరుపు పైభాగం నుంచి కొలవాలి. తలగడకు ఆనుకుని కూర్చుని చదివేవారికి పరుపు మీద నుంచి 26 నుంచి 30 అంగుళాల ఎత్తు సరిపోతుంది. మంచమూ పరుపూ కలిపి 20 అంగుళాలు ఉంటే నేల నుంచి దాదాపు 4 అడుగులు అవుతుంది. పరుపు మార్చి మందం పెరిగితే ఈ లెక్క తప్పుతుంది కాబట్టి, పరుపు వచ్చాకే గోడకు రంధ్రం వేయించండి. కాకినాడలో దోమతెర లేకుండా నిద్ర ఉండదు. అందుకే గోడ నుంచి 4 అంగుళాల కన్నా ముందుకు వచ్చే దీపం పనికిరాదు. వంగే మెడ ఉన్న చదువు దీపం ఒకటి మొదట పెట్టాం. తెర కట్టేటప్పుడల్లా దానికి చిక్కుకుని చిరిగేది. ఏడాది తిరగకుండా తీసేసి, గోడకు అంటుకుని ఉండే చిన్న గాజు దీపం పెట్టాం. బల్బు 3 వాట్లు, 2700 కెల్విన్. ఒకే దీపాన్ని రెండు చోట్ల నుంచీ వేసి ఆపుకునేలా గుమ్మం దగ్గర ఒకటి, మంచం దగ్గర ఒకటి టూవే స్విచ్చులు పెట్టించడం ఈ మొత్తం పనిలో మేం చేసిన మంచి ఖర్చు. దీనికి గోడలో ఒక వైరు అదనంగా పోవాలి, కాబట్టి ప్లాస్టరింగుకు ముందే ఎలక్ట్రీషియన్‌కు చెప్పాలి.

అద్దం దగ్గర వెలుగు రంగును సరిగ్గా చూపాలి. పెట్టె మీద సీఆర్ఐ అనే అంకె చూడండి. మామూలు దీపాలకు 80 ఉంటుంది, అద్దానికి 90 పైన ఉన్నది వెతకండి. 80 ఉన్న దీపం కింద ఎరుపు చచ్చిపోయి కనిపిస్తుంది. కుంకుమ బొట్టు, ఎర్రంచు పట్టుచీర, వేళ్ళకు పెట్టుకున్న గోరింటాకు ఏవీ అసలు రంగులో కనబడవు. చీర రంగుకు జాకెట్టు సరిపోయిందనుకుని బయటికొచ్చి ఎండలో చూస్తే తేడా తెలుస్తుంది. రంగు 4000 కెల్విన్ చాలు. అద్దం పైన ఒక్క దీపమే పెడితే కళ్ళ కిందా గడ్డం కిందా నీడ పడుతుంది, గడ్డం గీసుకునేవారికి ఇది పెద్ద ఇబ్బంది. రెండు పక్కలా నిలువు దీపాలు, వాటి నడిమి భాగం 5 అడుగుల ఎత్తున వచ్చేలా పెట్టుకోవడమే సరైన పద్ధతి. బాత్రూములో అంత చోటు లేకపోతే అద్దమంత పొడవైన పాల తొడుగు దీపాన్ని అద్దం పైన పెట్టండి. ఎదురు గోడ టైల్సు లేత రంగులో ఉంటే నీడ చాలావరకు తగ్గుతుంది. గీజరు ఆవిరి, చన్నీళ్ళ చుక్కలు ఉంటాయి కాబట్టి, నీళ్ళనూ దుమ్మునూ దీపం ఎంత ఆపుతుందో చెప్పే ఐపీ అంకె 44కు తగ్గకూడదు. బాత్రూము లైనుకు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 ఎంఏ ఆర్సీసీబీ లేకపోతే ముందు అది పెట్టించండి. దీపాలు తర్వాత.

వంటగదిలో ట్యూబులైటు వెనక ఉంటుంది, కూరగాయలు తరిగేవారి నీడ వాళ్ళ చేతి మీదే పడుతుంది. పై అల్మారాల కింద ఎల్ఈడీ పట్టీ ఈ చిక్కును తీరుస్తుంది, మా ఇంట్లో రోజూ ఎక్కువ గంటలు వెలిగేది ఇదే. మీటరుకు 10 వాట్లు, 4000 కెల్విన్. మేం మొదట 12 వోల్టుల పట్టీ 5 మీటర్లు ఒకే వైపు నుంచి కరెంటు ఇచ్చి వేశాం. చివరికి వచ్చేసరికి వెలుగు సన్నగిల్లింది, ఎందుకంటే అంత పొడవు రాగి పొరలో వోల్టేజీ పడిపోతుంది. రెండు చివరల నుంచీ కరెంటు ఇచ్చాక సర్దుకుంది. ఇప్పుడైతే మొదటే 24 వోల్టులది కొంటాం. పట్టీని నేరుగా చెక్కకు అతికిస్తే నూనె ఆవిరికి జిగురు వదిలి వేలాడుతుంది. పైగా నల్ల గ్రానైటు గట్టు అద్దంలా మెరుస్తుంది కాబట్టి ఎల్ఈడీ చుక్కలన్నీ అందులో వరుసగా కనిపిస్తాయి. మూలన అమిరే అల్యూమినియం పట్టాలో పెట్టి, పైన పాల తొడుగు వేస్తే ఈ రెండు బాధలూ పోతాయి. తుడవడమూ తేలిక. పట్టాను అల్మారా ముందంచుకు దగ్గరగా బిగించండి. వెనక గోడకు దగ్గరగా పెడితే టైల్సు వెలుగుతాయి గానీ కత్తిపీట చీకట్లో ఉంటుంది. పవర్ సప్లై పెట్టె పొయ్యి పైన గానీ చిమ్నీ పక్కన గానీ వద్దు.

పూజగదికి 2700 కెల్విన్, 3 వాట్లు. గాజు తొడుగే ఉండాలి, ప్లాస్టిక్ తొడుగు మీద అగరుబత్తి పొగా దీపం మసీ పట్టి వదలవు. దీపారాధన కుందికి నేరుగా పైన మాత్రం పెట్టకండి.

మెట్లకు రెండు మాడ్యూళ్ళ స్విచ్చు పెట్టెలో అమరే 1 వాట్ దీపాలు, మెట్టు మీద నుంచి 10 అంగుళాల ఎత్తున, మూడు మెట్లకు ఒకటి చొప్పున. రాత్రంతా వేసి ఉంచినా ఐదూ కలిసి నెలకు 2 యూనిట్లు దాటవు.

బాల్కనీ, గేటు దీపాల మీద మాత్రం ఉప్పుగాలి పగబట్టింది. పోయిన 5లో రెండు బాల్కనీవే. పౌడర్ కోటింగు వేసిన ఇనప దీపం చూడ్డానికి గట్టిగా ఉంటుంది. స్క్రూ బిగించేటప్పుడు రంధ్రం చుట్టూ కోటింగు గీరుకుపోతే తుప్పు అక్కడే మొదలై, రెండో వానాకాలానికి పెచ్చులుగా లేస్తుంది. తీరంలో ఉన్నవాళ్ళు పోత పోసిన అల్యూమినియంది గానీ, పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌ది గానీ తీసుకోండి. పడమర గోడ మీద ఎండ నేరుగా పడితే పాలీకార్బొనేట్ తొడుగు పసుపుబారుతుంది, అక్కడ గాజు మేలు. దీపంతో వచ్చే స్క్రూలు పారేసి 316 రకం స్టీలు స్క్రూలు వాడండి, 304 కూడా ఉప్పుగాలికి గోధుమరంగు మరకలు కారుస్తుంది.

ఐపీ 65 అని పెట్టె మీద ఉన్నా, నీళ్ళు వెనకనుంచి వస్తాయి. వాన గోడ మీద కారి, దీపం పలకకూ గోడకూ మధ్య సందులోంచి వైరు రంధ్రంలోకి దిగుతుంది. అందుకే పైనా రెండు పక్కలా సిలికాన్ పూయాలి, కింద మాత్రం వదిలేయాలి. నాలుగు వైపులా మూసేస్తే లోపలికి చేరిన తేమ బయటపడే దారి లేక డ్రైవరును తినేస్తుంది. మా బాల్కనీ దీపాలు అలా పోయినవే. విప్పితే లోపల నీటి చుక్కలు కనిపించాయి. ఈ సిలికాన్ వల్ల ఇంకో మేలు, సందు మూసుకుపోతే బల్లి వెనక కాపురం పెట్టదు, గోడ మీద మరకలు కారవు.

తొలకరికి ఉసిళ్ళు లేచినప్పుడు తెల్లటి 6500 కెల్విన్ దీపం చుట్టూ మూగుతాయి. 2700 కెల్విన్ దీపానికి తక్కువగా వస్తాయి. గేటు దీపాలు మార్చాక తేడా కళ్ళకు కట్టింది. పైన తెరిచి ఉన్న గిన్నె దీపం బయట పెడితే అడుగున చచ్చిన పురుగులు పేరుకుని నల్లగా కనిపిస్తాయి. బయట మూసిన దీపమే సరి.

మూడు రంగుల బల్బులు, అంటే స్విచ్చు ఆపి వేస్తే రంగు మారేవి, జంట దీపాలకు వద్దు. కరెంటు రెప్పపాటు పోయి వచ్చినప్పుడు ఒకటి పసుపు, ఒకటి తెలుపుగా వెలుగుతాయి. స్విచ్చు ఆపినా బల్బు మిణుకు మిణుకుమంటుంటే భయపడక్కర్లేదు గానీ వదిలేయకూడదు. స్విచ్చులో ఎర్ర ఇండికేటరు ఉన్నా, ఫేజుకు బదులు న్యూట్రల్ వైరు స్విచ్చుకు ఇచ్చినా అలా జరుగుతుంది. రెండోది ప్రమాదం. స్విచ్చు ఆపినా హోల్డరులో ఫేజు ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌తో ఫేజును స్విచ్చు గుండా తిప్పించండి. ఫ్యాను రెగ్యులేటరుతో ఎల్ఈడీ వెలుగు తగ్గించాలని చూడకండి, రెపరెపలాడి డ్రైవరు పోతుంది. వెలుగు తగ్గించుకోవాలంటే డిమ్మబుల్ అని రాసి ఉన్న బల్బు, దానికి తగ్గ డిమ్మరు రెండూ కావాలి.

గోడకు అంటించే చార్జింగు దీపాలు రెండు చూశాం. టేపుతో పాటు పెయింటు, లప్పం ఊడి వచ్చాయి. రెండో ఏడాదికి బ్యాటరీ గంట కూడా నిలవలేదు.

కొత్తగా వైరింగు చేయించేవారు పాయింటు దగ్గర గోడలోంచి వైరు ఊరికే బయటికి లాగి వదిలేయనివ్వకండి. 3 అంగుళాల గుండ్రటి ప్లాస్టిక్ పెట్టెను గోడలో పాతించి, ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడు వైర్లూ 8 అంగుళాలు బయటికి ఉంచమనండి. లోహపు దీపానికి ఎర్త్ తప్పనిసరి. పెట్టె లేకపోతే కనెక్టరుకు చోటుండదు, దీపం గోడకు ఆనదు, ఆ సందులోకే తేమా బల్లీ రెండూ చేరతాయి.