ప్రోస్టేట్ ఆపరేషన్ చేయించుకున్న హాస్పిటల్ రివ్యూ: డాక్టర్‌కి 5 స్టార్లు, హాస్పిటల్‌కి 3

కాస్త పెద్ద రివ్యూ అండీ, పైగా మొత్తం ఒంటేలు గురించే, అన్నం తింటూ చదవకండి. హాస్పిటల్ పేరు రాయట్లేదు, ఎందుకంటే మంచితో పాటు తిట్లు కూడా ఉన్నాయి. విజయవాడలో కిడ్నీ, మూత్రం జబ్బులు మాత్రమే చూసే చిన్న హాస్పిటల్ అనుకోండి చాలు.

నేను ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి 2021లో రిటైరయ్యా. ఎక్కువ సర్వీసు విజయవాడ హైదరాబాద్ రూట్లోనే, మధ్యలో సూర్యాపేటలో బండి ఆపితే అక్కడే టీ, అక్కడే ఒకటికి వెళ్ళటం, అది దాటితే మళ్ళీ హైదరాబాదే. ఆపుకోవటం మనకి అలవాటైన విద్య అన్నమాట. అందుకని రిటైరయిన కొత్తలో రాత్రిపూట నాలుగైదు సార్లు లేవాల్సి వస్తుంటే ఇన్నేళ్ళు ఇంజను పక్కన కూర్చున్న వేడి అనుకున్నా, మా ఆవిడేమో షుగర్ అయ్యుంటుంది అంది, టెస్ట్ చేయిస్తే షుగర్ లేదు. ఇంకో రెండు నెలలకి అసలు సంగతి బయటపడింది, వెళ్ళి నిలబడితే వెంటనే రాదు, వచ్చినా ధార ఉండదు, అయిపోయింది కదా అని లుంగీ సర్దుకుంటే మళ్ళీ నాలుగు చుక్కలు.

స్కానింగ్‌లో ప్రోస్టేట్, అంటే మగాళ్ళకి మూత్రసంచి కింద ఉండే గ్రంథి, 68 సీసీ అని వచ్చింది, మామూలుగా 20, 25 ఉంటుందంట. నేను క్యాన్సర్ అనుకుని ఆ రాత్రంతా నిద్రపోలేదు. ఇది వయసుతో పాటు పెరిగే గ్రంథి, క్యాన్సర్ వేరు ఇది వేరు, అయినా రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు కాబట్టి పీఎస్ఏ రక్త పరీక్ష చేస్తారు అని తెలిసేసరికి వారం పట్టింది. నాకు 3.1 వచ్చింది, భయం లేదన్నారు.

మందుల గురించి కూడా చెప్పాలి, మూడేళ్ళు వాటితోనే నెట్టుకొచ్చా. మొదట టామ్సులోసిన్ 0.4, రాత్రి అన్నం తిన్నాక ఒకటి. ఇది గ్రంథిని తగ్గించదు, అక్కడి కండరాన్ని వదులు చేస్తుంది అంతే, కాని మూడు రోజుల్లో ధారలో తేడా తెలిసింది. మంచం మీంచి గబుక్కున లేస్తే కళ్ళు తిరిగేవి, రెండుసార్లు గోడ పట్టుకున్నా, తర్వాత కాళ్ళు కిందపెట్టి కాసేపు కూర్చుని లేవటం నేర్చుకున్నా. ఇంకోటి, కంటి శుక్లాల ఆపరేషన్ ఉన్నవాళ్ళు ఈ మాత్ర వేసుకుంటున్నామని, ఇదివరకు వాడి మానేసినా సరే, కంటి డాక్టర్‌కి ముందే చెప్పాలి. కంటిపాప చుట్టూ ఉండే పొర వదులై వాళ్ళకి ఆపరేషన్ కష్టమవుతుందంట, ఈ ముక్క నాకు చెప్పింది యూరాలజీ డాక్టర్ కాదు, మా తోడల్లుడి కంటి డాక్టర్.

తర్వాత డ్యుటాస్టెరైడ్ కలిపిన మాత్రకి మార్చారు. ఇది గ్రంథిని నిజంగానే తగ్గిస్తుంది కాని నింపాదిగా, ఆరు నెలలు ఓపిక పట్టాలి. కోరిక తగ్గింది, అది ఎవరికి చెప్పుకుంటాం. పీఎస్ఏ 1.7కి దిగితే నేను సంబరపడ్డా, ఈ మందు వేసుకుంటే ఆ అంకె సగానికి పడిపోతుంది, రెట్టింపు చేసి చూసుకోవాలి అని ఇప్పుడు ఈ హాస్పిటల్‌లో చెప్తే కాని తెలియలేదు. మీలో ఎవరైనా వాడుతుంటే పరీక్ష చేసే డాక్టర్ ఎవరైనా సరే ఆ సంగతి చెప్పండి.

పోనీ బానే ఉంది అనుకుంటుండగా అరుణాచలం వెళ్ళాం. పౌర్ణమి రాత్రి గిరి ప్రదక్షిణ, 14 కిలోమీటర్లు, జనం జనం. అందరూ లింగాలు చూసుకుంటూ నడుస్తుంటే నేను టాయిలెట్ బోర్డులు చూసుకుంటూ నడిచా. అక్కణ్ణుంచి వచ్చాక జలుబు చేసింది, మెడికల్ షాపులో మామూలుగా ఇచ్చే జలుబు మాత్రలు రెండు పూటలా వేసుకున్నా, ఆ రాత్రి ఒక్క చుక్క రాలేదు. పొత్తికడుపు డప్పులాగా బిగిసిపోయింది, నిలబడలేను కూర్చోలేను, మా పెద్దాడు రాత్రి రెండింటికి కారేసి దగ్గర్లో ఉన్న క్యాజువాలిటీకి తీసుకెళ్ళాడు. పైపు వేస్తే 900 మిల్లీలీటర్లు వచ్చింది. వేసేటప్పుడు నొప్పి నిజమే, కాని బ్యాగులోకి దిగుతున్నప్పుడు వచ్చిన సుఖం ఉంది చూశారూ, ఆ డ్యూటీ కుర్రాడి కాళ్ళకి దణ్ణం పెట్టబోయా. జలుబు మాత్రల్లో ఉండే మందులు కొన్ని మూత్రసంచి మూతిని బిగిస్తాయి, కొన్ని సంచికి తోసే బలం తగ్గిస్తాయంట. ప్రోస్టేట్ పెరిగినవాళ్ళు జలుబు మాత్ర కొనేముందు అడిగి కొనుక్కోండి.

వారం తర్వాత పైపు తీస్తే నాకు వచ్చింది, అందరికీ రాదంట. కాని అప్పటికే భయం పట్టుకుంది. వేరే పెద్ద హాస్పిటల్ ఒకటికి వెళ్తే, డాక్టర్ రెండు నిమిషాలు చూసి కౌన్సెలర్ దగ్గరికి పంపాడు, ఆ అమ్మాయి లామినేట్ చేసిన కాగితం తీసి "అంకుల్, లేజర్ ప్యాకేజీ, రేపే అడ్మిషన్, షేరింగ్ రూమా సింగిల్ రూమా" అంది. నా ప్రోస్టేటా తిరుపతి ప్యాకేజీ టూరా అనిపించి లేచొచ్చేశా.

అప్పుడు వెళ్ళింది ఈ చిన్న హాస్పిటల్‌కి. ఇక్కడ ముందు తిట్లు రాస్తా. మూత్రం జబ్బుల హాస్పిటల్ అండీ, ఓపీ ఫ్లోర్‌లో మగాళ్ళకి ఒక్కటే టాయిలెట్! స్కానింగ్‌కి ముందు లీటరు నీళ్ళు తాగి సంచి నింపుకుని కూర్చోమంటారు, అసలు ఆపుకోలేకే కదా వచ్చింది, నాతో పాటు పదిమంది పెద్దాళ్ళు ఆ బెంచీల మీద కాళ్ళు మెలేసుకుని గంటన్నర, ఎవరి పేరు పిలుస్తారా అని పదో తరగతి రిజల్ట్ కోసం చూసినట్టు చూశాం. ఒకాయన ఆగలేక వెళ్ళొచ్చేశాడు, మళ్ళీ లీటరు తాగమన్నారు పాపం. ధార స్పీడు కొలిచే మెషిన్ ఉంటుంది, గరాటులో పోస్తే గ్రాఫ్ గీస్తుంది, లోపల నేను తిప్పలు పడుతుంటే బయట్నుంచి కుర్రాడు "అయిందా తాతా" అని తలుపు కొడతాడు. అలా కొడితే వచ్చేది కూడా రాదురా నాయనా. సెకనుకి 15 మిల్లీలీటర్ల పైన ఉంటే మంచిదంట, నాకు 7. పోసాక కూడా లోపల 180 మిల్లీలీటర్లు మిగిలింది.

డాక్టర్ మటుకు బంగారం. ముందు ఒక కాగితం ఇచ్చారు, ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తం 35కి నాకు 22 వచ్చింది, 20 గాని ఆపైన గాని వస్తే బాగా ఎక్కువున్నట్టు. కింద ఎనిమిదోది ఒకటి ఉంటుంది, జీవితాంతం ఇలాగే ఉంటే మీకెలా ఉంటుంది అని. నేను పర్వాలేదు అన్నదాని మీద టిక్కు పెట్టబోతే మా ఆవిడ కాగితం లాక్కుని "ఈయన రాత్రి లేచినన్నిసార్లు నేనూ లేస్తున్నా, పెళ్ళిళ్ళకి రావటం మానేశాడు, బస్సెక్కటం మానేశాడు డాక్టర్ గారూ" అంది. ఆయన నవ్వి, "బాబాయ్ గారూ, సైజు చూసి ఆపరేషన్ చెయ్యం, 40 సీసీతో నరకం చూసేవాళ్ళున్నారు, 100 ఉండి హాయిగా ఉన్నవాళ్ళున్నారు, ఒకసారి పూర్తిగా ఆగిపోయింది, సంచిలో మిగులుతోంది, పైగా ఈ ఎనిమిదోది ఇలా ఉంది, అందుకని ఆలోచిద్దాం" అన్నారు.

తర్వాత అరగంట కూర్చుని బొమ్మ గీసి చెప్పారు. మాత్రలు అలాగే వేసుకుంటూ ఆర్నెల్లకోసారి చూసుకోవచ్చు, కాని సంచి అలిసిపోయేదాకా ఆగితే తర్వాత దారి తెరిచినా తోసే బలం ఉండదు అన్నారు. టీయూఆర్పీ పాత పద్ధతి, కోత లేకుండా ఒంటేలు దారిలోంచే వెళ్ళి లోపల కొద్దికొద్దిగా చెక్కుతారు, నా సైజుకి అది చాలు. హోల్మియం లేజర్‌తో అయితే పెరిగిన కండ మొత్తం ఒలిచి తీస్తారు, బత్తాయి తొక్కలోంచి తొనలు తీసినట్టు అన్నారు, ఎంత పెద్దదైనా చెయ్యొచ్చు, రక్తం తక్కువ పోతుంది, ఖర్చు ఎక్కువ. ఆవిరితో కాల్చేది, క్లిప్పులతో పక్కకి లాగి కట్టేది, తొడ దగ్గర రక్తనాళంలోంచి వెళ్ళి గ్రంథికి రక్తం ఆపేది కూడా ఉన్నాయి, అవి ఇక్కడ చెయ్యం, కావాలంటే హైదరాబాద్ రాసిస్తా అన్నారు. తన దగ్గర లేనిది కూడా చెప్పాడు చూడండి, నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పారు, మా ఆవిడ పక్కన ఉండగానే. టీయూఆర్పీ అయినా లేజర్ అయినా తర్వాత చాలామందికి వీర్యం బయటికి రాదు, వెనక్కి సంచిలోకి పోయి ఒంటేలుతో కలిసి పోతుంది, హాని లేదు, మామూలుగా మగతనం పోదు, పిల్లలు కావాలనుకునే వయసైతే ముందే ఆలోచించుకోవాలి అని. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నా, మా ఆవిడ మాత్రం శ్రద్ధగా విని "మాకిద్దరు మనవలు డాక్టర్ గారూ, పర్లేదు" అంది.

చివరికి టీయూఆర్పీయే చేయించుకున్నా. లేజర్ అయితే ఇంకో 60 వేలు ఎక్కువ, నా సైజుకి రిజల్ట్‌లో పెద్ద తేడా ఉండదు, నువ్వు రక్తం పల్చబడే మందులు వాడట్లేదు కదా అన్నారు, వాడుతుంటే లేజర్ వైపు మొగ్గేవాడిని. ఇప్పుడు ఉప్పునీటితో చేసే కొత్త రకం మెషిన్ అంట, ఇదివరకటి మెషిన్లతో లోపలికి పోయిన నీళ్ళు రక్తంలో కలిసి ఉప్పు పడిపోయే ప్రమాదం ఉండేది, అది దీనికి ఉండదన్నారు. నడుముకి మత్తు సూది ఇచ్చారు, గంటంపావు పట్టింది, మెలకువగానే ఉన్నా, టీవీలో నా లోపలి సినిమా నేనే చూశా. మూడో రోజు పైపు తీశారు. మొదటిసారి వెళ్ళినప్పుడు మంట మండింది, ఎర్రగా వచ్చింది, కాని ధార! ఇరవై ఏళ్ళ నాటి ధార.

అయితే ఇంటికొచ్చాక అంతా బాగుంటుంది అనుకోకండి. రెండు మూడు వారాలు అర్జెంటు అనిపించటం, దగ్గితే చుక్క పడటం ఉంటాయి, కింద కండరం బిగించి వదిలే వ్యాయామం చెప్పారు, తగ్గింది. నెలన్నర బరువులెత్తొద్దు, ముక్కొద్దు అని రాసిచ్చారు కాని ఆ కాగితం మొత్తం ఇంగ్లీషు, చీమ తలకాయంత అక్షరాలు, మావాడు చదివి చెప్పేలోపే పన్నెండో రోజు గ్యాస్ సిలిండర్ జరిపా. సాయంత్రానికి రక్తం గడ్డలు. కాగితం మీది ఎమర్జెన్సీ నంబరుకి పదకొండు సార్లు చేశాం, ఒక్కసారీ ఎత్తలేదు, ఒక స్టార్ అక్కడే తీసేశా. ఆటోలో వెళ్ళాం, నైట్ సిస్టర్ మటుకు తల్లిలాగా చూసుకుంది, పైపు వేసి కడిగారు, రెండు రోజుల్లో సర్దుకుంది. ఇంకో స్టార్ ఆ టాయిలెట్ కోసం. దయచేసి ఇంకోటి కట్టించండి, ఒక ప్రింటు తెలుగులో వెయ్యండి, అంతకంటే ఏమీ అడగను.

చెక్కిన ముక్కలు పరీక్షకి పంపితే ఎనిమిదో రోజు రిపోర్ట్ వచ్చింది, క్యాన్సర్ లేదు. చుట్టూ తొక్క భాగం లోపలే ఉంటుంది కాబట్టి పీఎస్ఏ మాత్రం చేయించుకుంటూనే ఉండాలన్నారు. మూడు నెలలకి మళ్ళీ గరాటు మెషిన్, 19 వచ్చింది, ఈసారి కుర్రాడు తలుపు కొట్టకముందే బయటికొచ్చేశా. రాత్రి ఒక్కసారి లేస్తున్నా, ఒక్కోసారి అదీ లేదు.

పోయిన నెల హైదరాబాద్‌లో అమ్మాయి దగ్గరికి బస్సులోనే వెళ్ళాం. సూర్యాపేటలో ఆగితే మా ఆవిడ దిగింది, నేను కిటికీలోంచి ఒక టీ అందుకుని సీట్లోనే కూర్చున్నా.