షుగర్ ఉన్నవాళ్లకు రాత్రి పూట ఏది మేలు: అన్నమా, చపాతీయా, జొన్నరొట్టా?

అమ్మకు షుగర్ ఉందని తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో రాత్రి అన్నం వండడం మానేశాం. అన్నం బదులు చపాతీ. మన ఇళ్లల్లో ఎవరికి షుగర్ వచ్చినా ముందు జరిగేది ఇదే. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయిస్తే పెద్దగా తగ్గలేదు. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "రాత్రి అన్నం ముట్టి ఎన్నాళ్లయిందే? ఇంకేం మానెయ్యను?" అంది.

ఆ రాత్రి చపాతీకి కలపబోయే పిండిని కాటా మీద పెట్టి చూశాను. నాలుగు చపాతీలకు 120 గ్రాములు. అందులో పిండి పదార్థం 80 గ్రాముల దాకా ఉంటుంది. అంతే పిండి పదార్థం అన్నంలో రావాలంటే 280 గ్రాముల అన్నం తినాలి. కంచంలో పెట్టి చూస్తే గుట్టలా ఉంది. షుగర్ రాకముందు కూడా అమ్మ రాత్రి అంత తినేది కాదు!

గోధుమైనా బియ్యమైనా కడుపులోకి వెళ్లాక గ్లూకోజుగానే మారుతుంది. టైప్ 2 షుగర్‌లో గ్లూకోజును కణాల్లోకి పంపే ఇన్సులిన్ మాట ఒంట్లోని కణాలు సరిగా వినవు, పోనుపోను ఇన్సులిన్ తయారవడమూ తగ్గుతుంది. అందుకే ఒక్కసారిగా వచ్చిపడే గ్లూకోజు రక్తంలోనే నిలిచిపోతుంది. గోధుమపిండిలో పీచు ఎక్కువే, పాలిష్ బియ్యం కన్నా నయమే. కానీ "చపాతీయే కదా" అని ఇంకోటి వేసుకుంటే ఆ లాభం కాస్తా పోతుంది.

నన్నడిగితే మొదటి ఓటు జొన్నరొట్టెకే. లెక్కల్లో జొన్నకూ గోధుమకూ పెద్ద తేడా లేదు. తేడా తినే తీరులో ఉంది. వేడినీళ్లతో కలిపి చేత్తో తట్టిన రొట్టెను నమిలి నమిలి తినాలి, నూనె అక్కర్లేదు. పప్పో, గోంగూరో, వంకాయ కూరో ఎక్కువగా పడుతుంది. ఒక్కటి తినేసరికి కడుపు నిండుతుంది.

రాగిజావ సంగతి వేరు. రాగుల్లో క్యాల్షియం బాగా ఉంటుంది, నిజమే. కానీ మెత్తటి పిండిని ఉడికించి గ్లాసులో పోసుకుని తాగేస్తే నమిలే పనే ఉండదు, షుగర్ త్వరగా ఎక్కుతుంది. షుగర్‌కు మందులా జావ తాగేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అంతకన్నా చిన్న సంకటి ముద్ద, పక్కన ఆకుకూర నయం.

అన్నం వదల్లేనివాళ్లకూ దారి ఉంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన తెలంగాణ సోనా బియ్యం, సీసీఎంబీ (హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్లూ హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ వాళ్లూ కలిసి తయారుచేసి 2008లో విడుదల చేసిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి, రెండింటి గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో షుగర్‌ను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే సంఖ్య) 51 దగ్గర ఉంది. 55 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. అలాగని రెండింతలు తింటే ఆ సంఖ్య కాపాడదు. ముందు కూర, పప్పు తిని ఆఖర్న అన్నం కలుపుకుంటే షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. తిన్నాక పది నిమిషాల నడక కూడా బాగా పనిచేస్తుంది.

మీ ఒంటికి ఏది పడుతుందో గ్లూకోమీటరే చెబుతుంది. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన రెండు గంటలకు ఇంకోసారి చూడండి. ఒకరోజు రొట్టె, ఒకరోజు అన్నం, ఒకరోజు చపాతీ. చాలామందికి రెండో రీడింగ్ 180 దాటకూడదంటారు డాక్టర్లు.

ఒక్క జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా తిండి సగానికి తగ్గించకూడదు. మందు అంతే ఉండి తిండి తగ్గితే షుగర్ 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ మొదలైతే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి.

ఇప్పుడు అమ్మ వారంలో నాలుగు రాత్రులు జొన్నరొట్టె తింటోంది. మిగతా మూడు రోజులు తూచి పెట్టిన 150 గ్రాముల అన్నం. అందులోంచి నాలుగు ముద్దలు ముందే కంచం పక్కకు జరుపుకుంటుంది, పెరుగులోకి.