రాజు చావును ‘ఇమాజిన్’ చెయ్యడం: ఈఈబీవో–టీసీపీ పాఠాల భాండారం ఎంతవరకు పనికొస్తుంది?

ఇంగ్లండులో 1351 నాటి రాజద్రోహ చట్టం రాజు చావును ‘ఇమాజిన్’ చెయ్యడాన్నే నేరంగా లెక్కించింది. అక్కడ ఆ మాటకు పగటికల అని కాదు, పన్నాగం అని అర్థం. 16, 17 శతాబ్దాల్లో కవులు, న్యాయవాదులు, తత్వవేత్తలు ఈ ఒక్క మాటను ఎన్ని రకాలుగా తిప్పారో వెతకడానికి ఉచితంగా దొరికేవాటిలో ఈఈబీవో–టీసీపీకి (ఎర్లీ ఇంగ్లిష్ బుక్స్ ఆన్‌లైన్ – టెక్స్ట్ క్రియేషన్ పార్ట్‌నర్‌షిప్; పాత ఇంగ్లిష్ అచ్చు పుస్తకాలను టైపు చేసి పెట్టిన ఆన్‌లైన్ భాండారం) సాటి వచ్చేది కనబడదు. 1700 దాకా అచ్చయిన పుస్తకాల్లో 60 వేలకు పైగా పాఠాలున్నాయి. తొలి విడతను 2015లో, రెండో విడతను 2020లో అందరికీ తెరిచారు. పాఠాలను మనుషులే టైపు చేశారు కాబట్టి, యంత్రం తప్పుగా చదివిన గజిబిజి ఉండదు. 20 వేల అక్షరాలకు ఒక తప్పుకు మించకూడదన్నది ప్రమాణం. అయితే సరిచూసింది ప్రతి పాఠంలో సుమారు 5 శాతమే.

చిక్కంతా వెతుకులాటలో ఉంది. ‘ఇమాజిన్’ మొదట్లో ఐ బదులు వై ఉండొచ్చు. ఊహకే మరో మాటయిన ‘ఫ్యాన్సీ’ ఎఫ్‌తోనూ, పీహెచ్‌తోనూ కనిపిస్తుంది. యు, వి ఒకదాని చోట ఒకటి వస్తాయి. డౌన్‌లోడ్ చేసుకున్న పాఠాల్లో ఇంకో మెలిక: పంక్తి చివర విరిగిన పదం మధ్య నిలువు గీత, చదవలేని అక్షరం చోట నల్ల చుక్క ఉంటాయి. ముందు ఆ గీతలు తీసెయ్యకపోతే ‘ఇమాజినేషన్’ లాంటి పొడుగు మాటలే ఎక్కువ జారిపోతాయి. వర్ణక్రమం సరిచేసిన పాఠం కావాలంటే ఎర్లీప్రింట్ సైటు మేలు.

ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్కను అలాగే నమ్మకూడదు. అచ్చును అదుపులో ఉంచిన రాజు న్యాయస్థానం స్టార్ ఛాంబర్ 1641లో రద్దయ్యాక కరపత్రాలు వెల్లువెత్తాయి, కాబట్టి ఏ మాట వెతికినా 1640లలో పెరిగినట్టే కనిపిస్తుంది. పది లక్షల పదాలకు ఎన్నిసార్లు అని చూడాలి.

సాధారణంగా ఒక్కో రచనకు ఒక్క ముద్రణే తీసుకున్నారు. రాజకీయ రచనల్లో ఇది పెద్ద లోటు. షేక్‌స్పియర్ ‘రిచర్డ్ ది సెకండ్’లో రాజు కిరీటం వదులుకునే ఘట్టం 1597 అచ్చులో లేదు, 1608లో చేరింది. ముఖపత్రం మీది సంవత్సరం చూడకుండా ఆ నాటకం మీద ఏ నిర్ణయానికీ రాకండి.

బాధ కలిగించే కొరత మాత్రం బొమ్మలు. తత్వవేత్త హాబ్స్ రాజ్యం గురించి రాసిన ‘లెవయథాన్’ (1651) రెండో అధ్యాయంలో ఊహను క్షీణిస్తున్న ఇంద్రియానుభవం అన్నాడు. దయ్యాల భయం పోతే జనం రాజ్యానికి మరింత విధేయులుగా ఉంటారని కూడా రాశాడు. ఆ వాక్యాలు ఇక్కడ దొరుకుతాయి. వందల మనుషులతో అల్లిన రాజు దేహం ఉన్న ముఖచిత్రం మాత్రం టైపు చేసిన పాఠంలో ఉండదు. ఊహ అధికారానికి రూపం కట్టిన చోటే అది! పుటల ఫొటోలకు చందా ఉన్న గ్రంథాలయాన్ని ఆశ్రయించాలి.

చేతిరాత ప్రతులూ లేవు. కవి ఫిలిప్ సిడ్నీ కవిత్వాన్ని సమర్థిస్తూ రాసిన వ్యాసం అచ్చయింది 1595లో, ఆయన పోయింది 1586లో. పట్టిక వేసుకునేటప్పుడు రాసిన కాలానికి ఒకటి, అచ్చయిన ఏడాదికి ఒకటి, రెండు గడులు పెట్టుకోండి.