ముక్కులో పాలిప్స్: మాత్రలా, స్ప్రేనా?

ముక్కు లోపల పెరిగే మెత్తని కండల్లాంటి పాలిప్స్‌తో ముక్కు మూసుకుపోయి, ఎదురుగా ఉన్న ఇరానీ చాయ్ వాసన కూడా తెలియనివాళ్లకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వేగంగా పనిచేస్తాయి. కొద్ది రోజుల్లోనే గాలి ఆడుతుంది, చాలామందికి వాసన తిరిగొస్తుంది. చిక్కల్లా కోర్సు ఆపాకే. కొన్ని వారాలకో నెలలకో పాలిప్స్ మళ్లీ పెరుగుతాయి. పైగా షుగర్, బీపీ పెరగొచ్చు, నిద్ర పట్టకపోవచ్చు. మాటిమాటికీ వాడితే ఎముకలు గుల్లబారతాయి. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో మళ్లీ కొనేసుకోవడం మన హైదరాబాద్‌లో మామూలే, నాకు భయమేసేది దానికే.

మొమెటసోన్, ఫ్లూటికసోన్ అనే స్టెరాయిడ్ స్ప్రేలది నెమ్మది నడక. తేడా తెలియడానికి వారాలు పడుతుంది, రోజూ కొట్టుకోవాలి. రక్తంలోకి చేరే మందు చాలా తక్కువ కాబట్టి నెలల తరబడి వాడొచ్చు. అప్పుడప్పుడూ ముక్కులోంచి కాస్త రక్తం రావచ్చు. కొట్టే పద్ధతి ముఖ్యం: తల కొంచెం ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, మొన మధ్య గోడకు కాకుండా బయటివైపు తిప్పి కొట్టాలి. గట్టిగా పీలిస్తే మందంతా గొంతులోకే!

నా ఓటు స్ప్రేకే. కాకపోతే ముక్కు పూర్తిగా బిగుసుకుపోతే స్ప్రే లోపలికి వెళ్లదు. అలాంటప్పుడు డాక్టర్లు కొద్ది రోజులు మాత్రలిచ్చి, దారి తెరుచుకున్నాక స్ప్రే కొనసాగిస్తారు. ఆపరేషన్ చేయించుకున్నా స్ప్రే మానకూడదు.